అందరినీ చేర్చుకున్న క్లౌ దొరగారు



ఆలాపల్లి, సిరొంచల మధ్య అడవిలో ఉన్న కమలాపూర్ పేరు చెబితే చాలామందికి అక్కడి అటవీశాఖ ఏనుగులే గుర్తుకు వస్తాయి. ఈ సరిహద్దు ప్రాంతంలో బ్రతికేవారికి ఇంకొక సంగతి కూడా తెలుసు. ఇక్కడ ఒక్క రోజు సంతకు వెళ్ళివస్తే నాలుగు భాషలు చెవిన పడతాయి. తెలుగు, మరాఠీ, గోండి, మాడియా. గోదావరికి అవతల తెలంగాణ, ఇవతల మహారాష్ట్ర. ఒక ఇంట బతుకమ్మ, ఒక ఇంట ఎద్దుల పోలా, ఒక ఇంట క్రిస్మస్ నక్షత్రం. 1956 అక్టోబరు 16న చంద్రపూర్‌లో డాక్టర్ అంబేద్కర్ గారి సమక్షంలో బౌద్ధము స్వీకరించిన కుటుంబాల పిల్లలు, మనుమలు కూడా ఈ చుట్టుపట్ల ఉన్నారు.

బ్రతుకుతెరువు కోసం సొంత ఊరు విడిచి ఇటువంటి చోట కాపురముంటున్న మన తెలుగు బాప్తిస్టు కుటుంబాలకు పండుగ వచ్చిందంటే ఒక ప్రశ్న ఎదురవుతుంది. మన పంక్తిలో ఎవరు కూర్చోవాలి? మన భాష రానివారిని పిలవాలా? వారు పిలిస్తే మనం వెళ్ళాలా? ఈ ప్రశ్నకు జవాబు వెదికేవారికి మన సంఘ చరిత్రలోనే ఒక మనిషి జీవితం ఉన్నది. ఆయనే ఒంగోలు మిషనెరీ డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ గారు.

తానూ వలస వచ్చినవాడే

క్లౌ గారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ అనే ఊరిలో పుట్టారు. చిన్నతనంలోనే వారి కుటుంబం బ్రతుకుతెరువు వెదుక్కుంటూ పడమటి రాష్ట్రాలకు వలసపోయింది. కుర్రవాడిగా మిన్నెసోటా అడవుల్లో భూమి సర్వే పని చేశారు. లాయరు కావాలని చదువుకు చేరినవాడు, ఆ చదువు రోజుల్లోనే ప్రభువును తెలుసుకొని సేవకు సమర్పించుకున్నారు. 1864 నవంబరు 30న భార్య హ్యారియట్ గారితో కలిసి బోస్టన్ రేవులో ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో మన దేశం చేరారు. తెలుగు అక్షరం రాదు, ఎండ అలవాటు లేదు, తెలిసిన ముఖం లేదు. పరాయి ఊరిలో మొదటి రోజులు ఎలా గడుస్తాయో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

వారు వచ్చేనాటికి తెలుగు మిషను బలహీనంగా ఉన్నది. అంతకు పన్నెండేళ్ళ క్రితం దాన్ని మూసివేయాలన్న మాట కూడా అమెరికాలో వచ్చింది. ఆ దినాల్లోనే, 1854 జనవరి 1న, జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నెల్లూరు విశ్వాసులైన నర్సు, జూలియా, రూతు తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. తెల్లవారు ఇద్దరు, తెలుగువారు ముగ్గురు ఒకే చోట మోకరించిన నూతన సంవత్సరపు ఉదయమది. ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చినవారే క్లౌ గారని మన పెద్దలు చెప్పుకొనేవారు. 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘము ఏర్పడింది.

చింతతోపులో అయిదు రోజులు

ఒంగోలుకు పడమట ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉండేవాడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. రాజయోగ మార్గంలో గురువుల దగ్గర కూర్చొని, దేవుడు ఆత్మయని నమ్మి ఎన్నో ఏళ్ళుగా వెదికినవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు సువార్త విన్నాడు. అంటే ఒంగోలు ప్రాంతపు మొదటి ఫలము ఊరు విడిచి పొట్టకూటికి వెళ్ళిన మనిషికి దారిలో దొరికినదన్నమాట. 1866లో జ్యూయెట్ గారి చేతులమీదుగా పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మము పొందారు. అప్పటినుండి పేరయ్య తోళ్ళు కొనడానికి వెళ్ళిన ప్రతి పల్లెలోను విన్నది చెప్పసాగాడు.

1867 జనవరిలో క్లౌ గారు పేరయ్య పిలుపు మీద తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో డేరా వేశారు. చుట్టుపట్ల పల్లెలనుండి జనం తిండి మూటలు కట్టుకొని వచ్చి చెట్లక్రింద పడుకొని అయిదు రోజులు వాక్యము విన్నారు. చివరి రోజున 28 మంది బాప్తిస్మము పొందారు. అందరూ మాదిగలే.

తలుపు దగ్గర పరీక్ష

అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. ఒంగోలులో క్లౌ దంపతులు నడిపే బడికి బ్రాహ్మణుల పిల్లలు, ఇతర పై కులాల పిల్లలు వస్తున్నారు. ఊరి పెద్దలు కొందరు దొర మాటలు వినడానికి వస్తున్నారు. ముందు వీరు మారితే క్రింది కులాలు వాటంతట అవే వస్తాయని ఆ రోజుల్లో చాలామంది మిషనెరీల ఆలోచన. క్లౌ గారికీ ఆ ఆశ లేకపోలేదు. మాదిగలు సంఘములో చేరుతున్నారని తెలియగానే ఆ పెద్దలు వచ్చి, వారిని చేర్చుకుంటే తాము రాలేమని తేల్చి చెప్పారు.

క్లౌ గారు తన గదిలోకి వెళ్ళి ఏమి చేయాలో తెలియక బైబిలు తెరిచారు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయపు చివరి భాగం కంటబడింది. లోకము ఎన్నికలేనివారిగా చూచినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పిన భాగమది. ఆ సంగతి చెప్పడానికి భార్య దగ్గరకు వెళితే, ఆమె కూడా వేరే గదిలో, వేరే బైబిలులో, అదే భాగం చదువుతున్నారు. ఇద్దరికీ ఇక సందేహం మిగలలేదు. మాదిగలను చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు బడి మానేశారు. వారి రాకపోకలు నిలిచిపోయాయి. ఆ నష్టాన్ని ఆ దంపతులు తెలిసే ఒప్పుకున్నారు.

డప్పు, పండుగ, పొరుగు

చేరినవారికి క్లౌ గారు చెప్పిన కట్టుబాట్లు ముఖ్యముగా మూడు. ఆదివారం పని మానడం, చచ్చిన పశువు మాంసం మానడం, విగ్రహాలకు మొక్కడం మానడం. చూడడానికి చిన్నవే గాని పల్లెలో అవి పెద్ద గొడవకు దారితీశాయి. గ్రామ దేవతల జాతరలో డప్పు కొట్టడం మాదిగల వంతు. మేము కొట్టమన్నందుకు వారికి బావి నీళ్ళు కట్టుపడ్డాయి, కళ్ళంలో రావలసిన గింజలు ఆగిపోయాయి, దెబ్బలు తిన్నవారూ ఉన్నారు. అయినా వారు ఊరితో తెగతెంపులు చేసుకోలేదు. చెప్పులు కుట్టడం మానలేదు, మోటకు తోలుపని చేయడం మానలేదు, కోతకు వెళ్ళడం మానలేదు. ఒక్క మ్రొక్కుబడి విషయంలోనే తల వంచలేదు.

మిగిలిన వాటిలో క్లౌ గారు వారి పద్ధతులను గౌరవించారు. తగవులు వస్తే అమెరికా సంఘాల నిబంధనలు తెచ్చి పెట్టకుండా పల్లె పంచాయితీ పద్ధతినే సాగనిచ్చారు. గురువుకు ధాన్యం ఇచ్చే పాత అలవాటే బోధకుని పోషించే అలవాటు అయ్యింది. చెట్టు నీడే చాలాచోట్ల ఆలయము. 1893లో హ్యారియట్ గారు చనిపోయిన తరువాత క్లౌ గారు పెండ్లాడిన ఎమ్మా రౌషెన్‌బుష్ గారు మాదిగల ఇండ్లలో కూర్చొని, వారి కథలు, గురువులు, ఆచారాలు విని 1899లో ఒక పుస్తకమే ప్రచురించారు. ఊరివారు దగ్గరకు రానివ్వని మనుషుల మాటలు వ్రాసిపెట్టదగినవని ఆమె తలచారు. ఒకరిని చేర్చుకోవడమంటే తలుపు తీయడంతో సరిపోదు, వారి సంగతి వినాలి కూడా.

కరువులో కాలువ

1876 నుండి 1878 వరకు ఘోరమైన కరువు వచ్చింది. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ త్రవ్వకం పనులు పెట్టింది. అక్కడ మేస్త్రీల చేతుల్లో అంటరానివారు బాధలు పడుతున్నారని చూచి, క్లౌ గారు సుమారు మూడున్నర మైళ్ళ పనిని తానే కాంట్రాక్టు తీసుకొని రాజుపాలెంలో క్యాంపు వేశారు. మిన్నెసోటాలో నేర్చిన సర్వే పని అక్కడ అక్కరకు వచ్చింది. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పనికి వచ్చినవారిలో అనేక కులాలవారు ఉన్నారు. ఆకలి అందరిదీ ఒకటే, కూలి అందరికీ ఇచ్చారు.

అంతకంటె గొప్ప సంగతి ఇంకొకటి. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని, 1877 మార్చి నుండి పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అన్నం పెట్టి దానికి బదులు ఏమీ అడగలేదు. కరువు సాయం ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. నీళ్ళలో దిగి బాప్తిస్మము ఇచ్చినవారు తెలుగు బోధకులే. ఆ సంవత్సరాంతానికి ఒంగోలు సంఘస్థులు పన్నెండు వేలు దాటారు. మరల 1890 క్రిస్మస్ వారంలో, డిసెంబరు 28న, ఒంగోలులో 1,671 మంది బాప్తిస్మము పొందారు.

మనకు మిగిలిన పాఠము

క్లౌ గారు 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టర్‌లో ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఏడేళ్ళ ముందే తెలుగు సంఘాలు తమ సొంత కానుకలతో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపాయి. అక్కడి తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువారి మధ్య 1903 డిసెంబరులో కియర్‌స్నీలో సంఘము ఏర్పడింది. తలుపు బయట నిలబెట్టబడినవారి బిడ్డలు సముద్రం దాటి వలసవారికి తలుపు తీశారు.

అయితే మనలను మనం పరీక్షించుకోవాలి. ఒకనాడు చేర్చుకోబడినవారమే ఈనాడు పంక్తులు వేరుచేయడం లేదా? ఫలానా మిషను మాలలది, ఫలానా మిషను మాదిగలది అనే మాట ఇంకా మన నోట వినబడుతున్నది. క్రిస్మస్ విందుకు పిలుపులు వ్రాసేటప్పుడు మన జిల్లా, మన కులం, మన భాష చూచి పేర్లు వ్రాస్తే, క్లౌ గారి ఇంటి తలుపు దగ్గర నిలబడి ఎవరు రాకూడదో చెప్పిన పెద్దల ప్రక్కన మనమూ నిలబడినట్టే.

కమలాపూర్ వంటి చోట ఉన్నవారికి ఇది చేయగల పని. ఈ పండుగకు ప్రక్కింటి మాడియా కుటుంబాన్ని, మరాఠీ కుటుంబాన్ని, బౌద్ధ కుటుంబాన్ని భోజనానికి పిలవండి. వారి పిల్లలకు అర్థమయ్యేట్టు ప్రభువు పుట్టుక సంగతి మరాఠీలోనో గోండిలోనో రెండు మాటలు చెప్పించండి. బలవంతం వద్దు, బదులు ఆశించవద్దు. వారు తమ పండుగకు పిలిస్తే వెళ్ళి కూర్చోండి, కష్టసుఖాలు అడగండి. మ్రొక్కవలసిన చోట మ్రొక్కమని నెమ్మదిగా చెప్పండి. డప్పు మానినా కోతకు వెళ్ళిన మన పెద్దలు చూపిన దారి అదే.

సత్రములో స్థలము లేక పశువుల తొట్టెలో పరుండిన ప్రభువు పుట్టినరోజున మన పంక్తిలో ఎవరికీ స్థలము లేదనకుండునట్లు, అట్టి మనస్సు ఆయన మనకందరికి దయచేయును గాక. ఆమేన్.