విలియము కౌపరును విడువని స్నేహితులు

క్రీస్తు రక్తపు ఊటను గూర్చి కీర్తన వ్రాసిన విలియము కౌపరు మతి చలించి బాధపడిన మనుష్యుడని మన సంఘములలో కొందరే యెరుగుదురు.

ఆయన 1731లో ఇంగ్లండులో ఒక గురువుగారి యింట జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొనెను. 1763లో ప్రభువుల సభయందలి ఉద్యోగమునకు పరీక్ష యియ్యవలసి రాగా, ఆ భయముచే ప్రాణము తీసికొన యత్నించెను. సెయింట్ ఆల్బన్సులో డాక్టరు కాటను దయతో వైద్యము చేసెను. రోమా పత్రిక 3వ అధ్యాయము చదివి అక్కడనే నెమ్మది పొందెను. తరువాత అన్విను కుటుంబమువారు ఆయనను తమ యింట చేర్చుకొనిరి.

1767లో ఆయన ఓల్నీ గ్రామమునకు వచ్చెను. ఒకప్పుడు బానిసల ఓడ నడిపిన జాన్ న్యూటను అక్కడ గురువు. 1779లో అచ్చయిన వారి కీర్తనల పుస్తకములో అరువదికి పైగా కౌపరు వ్రాసినవే.

అయితే 1773లో చీకటి మరల కమ్మెను. దేవుడు తన్ను త్రోసివేసెనని నమ్మి, ఆయన గుడికి వచ్చుట మానెను. మన యూళ్లలోనైతే దయ్యము పట్టెననియో, విశ్వాసము చాలదనియో అందుము. న్యూటను దంపతులు ఆయనను ఏడాదికి పైగా తమ యింటనే ఉంచుకొనిరి. శ్రీమతి అన్విను రేయింబగళ్లు కనిపెట్టుకొని యుండెను. 1774లో పొరుగువారు చెవులపిల్లి కూన నియ్యగా ఆయన మూడింటిని పెంచెను. వాటికి గూళ్లు తానే చేసెను. తోటపనియు ఆయనకు మేలు చేసెను. న్యూటను బోధయే ఆయన మతి చెడగొట్టెనని కొందరందురు. ఆ వ్యాధి ఓల్నీకి రాకమునుపే యున్నది గనుక మేము దాని నంగీకరింపము.

వైద్యుడు రోగమునకు పేరు పెట్టి మందిచ్చును, అది కావలసినదే. రోగి ప్రక్కను ఎవరు కూర్చుండవలెనో మందుచీటీలో ఉండదు. బదరీవృక్షము క్రింద చావగోరిన ఏలీయాకు దూత మొదట అప్పమును నీళ్లను ఇచ్చెను (1 రాజులు 19). ఏలీయాను గద్దింపలేదు.

1780లో న్యూటను లండనుకు పోయియు ఉత్తరములు మానలేదు. శ్రీమతి అన్వినుకు పక్షవాతము రాగా ఈసారి కౌపరే ఆమెకు పరిచర్య చేసెను. 1796లో ఆమె మరణించెను. ఆయన నిరాశ తుదివరకు తొలగలేదు. బంధువైన జాన్ జాన్సను నార్ఫోకులోని తన యింట ఆయనను ఉంచుకొని, సాయంకాలములు పుస్తకములు చదివి వినిపించుచు, 1800 ఏప్రిల్ 25న ఆయన కన్నుమూయువరకు చెంతనే యుండెను.