పక్క సీట్లో ఎవరున్నారు?

ఫైనల్ సెమిస్టర్ పరీక్షలు అవ్వగానే నలుగురం కలిసి కారులో ఖాట్మండు వెళ్దామని పోయిన దసరా సెలవుల్లో అనుకున్నాం. నలుగురమూ అమ్మాయిలమే. కారు మా రూమ్మేట్‌ది. మాది లాల్‌గడి మలక్‌పేట్ కాబట్టి బయల్దేరడం మా ఇంటి నుంచే అని కూడా తేలిపోయింది. శామీర్‌పేట అవతల మా ఊరి నుంచి మేడ్చల్‌కి వెళ్తే చాలు, 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కేస్తాం. నాగ్‌పూర్ దాకా ఒకటే రోడ్డు. తర్వాత గోరఖ్‌పూర్, సునౌలీ బార్డర్, దాటితే నేపాల్. మ్యాప్ మీద వేలు పెట్టి గీస్తే అర నిమిషం పని.

మాకా ధైర్యం ఊరికే రాలేదు. 2018లో మన హైదరాబాద్ నుంచి నలుగురు ఆడవాళ్లు మోటార్‌సైకిళ్ల మీద బయల్దేరి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చూసి వచ్చారు. మేమప్పుడు స్కూల్లో ఉన్నాం. వాళ్లు బైకుల మీద అంత దూరం వెళ్లగలిగితే మేం కారులో నేపాల్ వెళ్లలేమా అన్నది మా లాజిక్.

ఇంట్లో ఏమైందో మీరు ఊహించే ఉంటారు. అమ్మ వద్దంది. నాన్న వద్దనలేదు కానీ ఏమేం జాగ్రత్తలు తీసుకుంటారో రాసి చూపించమన్నాడు. సరే అని రాత్రంతా కూర్చుని ఒక షీట్ తయారు చేశాం. ముప్పై ఏడు వరుసలు! పెప్పర్ స్ప్రే, లైవ్ లొకేషన్, నేపాల్ సిమ్, చీకటి పడ్డాక డ్రైవింగ్ బంద్, హోటల్ గది తలుపుకి అదనంగా ఒక గడియ, స్టెప్నీ, బార్డర్‌లో బండికి కట్టాల్సిన భన్సార్, ఎంబసీ ఫోన్ నంబర్. చూస్తే మినీ ప్రాజెక్ట్ రిపోర్టులా ఉంది. మాకే ముచ్చటేసింది.

ఆ షీట్‌లో ఏం లేదో నాకు చూపించిన మనిషి 1997లోనే చనిపోయింది. అప్పటికి మనం ఎవరమూ పుట్టలేదు. ఈ వ్యాసం ఆమె గురించే.

ఆమె పేరు ఎల్లా మయార్. మొదటిసారి చదివినప్పుడు పేరేంటి, ప్రశ్నలా ఉంది అనుకున్నాను. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు అమ్ముతారు కదా, అక్కడ ద క్రూయెల్ వే అనే పాత పుస్తకం కనిపించింది. ఇద్దరు ఆడవాళ్లు కారులో జెనీవా నుంచి కాబూల్ వెళ్లిన కథ అని వెనక అట్ట మీద ఉంటే, మా ట్రిప్‌కి పనికొస్తుందని కొన్నాను. పనికొచ్చింది, కానీ నేననుకున్న పద్ధతిలో కాదు.

ఎల్లా 1903 ఫిబ్రవరి 20న స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో పుట్టింది. తండ్రి ఫర్ వ్యాపారి, తల్లి డెన్మార్క్ మనిషి. జెనీవా సరస్సు మీద చిన్నప్పుడే తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. పదహారేళ్లకే తమ ప్రాంతంలో అమ్మాయిల కోసం హాకీ క్లబ్ పెట్టింది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఒక్కరే పడవ నడిపే పోటీలో దిగింది, అందులో ఆడమనిషి ఆమె ఒక్కతే. 1931 నుంచి 1934 దాకా ప్రపంచ స్కీయింగ్ పోటీల్లో స్విట్జర్లాండ్ తరఫున ఆడింది. ఇంత ఆడినా బతుకుతెరువు మాత్రం కుదరలేదు. టైపిస్టుగా చేసింది, ఫ్రెంచి పాఠాలు చెప్పింది, సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసింది.

1930లో మాస్కో బయల్దేరింది. అప్పటికి ఆమె దగ్గర డబ్బు లేదు. రచయిత జాక్ లండన్ భార్య ఇచ్చిన యాభై డాలర్లే ఆధారం. మాస్కోలో ఉండి, అక్కడి నుంచి కాకసస్ కొండలు చూసింది. 1932లో సోవియట్ మధ్య ఆసియాకి వెళ్లింది. తియెన్‌షాన్ కొండలెక్కి, తర్వాత ఒంటరిగా సమర్‌కండ్, బుఖారా తిరిగి, చలికాలంలో ఒంటెల బిడారుతో కిజిల్‌కుమ్ ఎడారి దాటింది. ఆ ప్రయాణం మీద రాసిన పుస్తకం ఇంగ్లిష్‌లో టర్కిస్తాన్ సోలో పేరుతో వచ్చింది. ఇక్కడిదాకా చదివి నేను ఆమెను పక్కా ఒంటరి మనిషి అనుకున్నాను. ఎవరూ అక్కర్లేదు, ధైర్యం ఒక్కటి ఉంటే చాలు అనే టైపు.

1935 ఫిబ్రవరిలో ఆమె పీకింగ్‌లో ఉంది. అక్కడి నుంచి చైనా పశ్చిమ కొస దాటి హిందూస్థాన్ చేరాలని ప్లాన్. దారిలో ఉన్న సిన్‌కియాంగ్‌లో అంతర్యుద్ధం. విదేశీయులను లోపలికి రానివ్వడం లేదు. అదే దారిలో వెళ్లాలని చూస్తున్న ఇంకో మనిషి టైమ్స్ పత్రిక విలేకరి పీటర్ ఫ్లెమింగ్. జేమ్స్ బాండ్‌ని సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్‌కి అన్న. ఇద్దరూ ఒంటరి ప్రయాణాన్ని మెచ్చుకుంటూ పుస్తకాలు రాసినవాళ్లే. ఇద్దరికీ తోడు ఇష్టం లేదు. అయినా లెక్క వేసుకుని కలిశారు. అందరూ వెళ్లే దారి వదిలేసి, దక్షిణంగా సైదామ్ పీఠభూమి మీదుగా గుర్రాలు, ఒంటెలు, గాడిదల మీద, కాలినడకన వెళ్లారు. ఏడు నెలలు, సుమారు 3,500 మైళ్లు. సెప్టెంబర్‌లో శ్రీనగర్ చేరారు.

నాకు ఇందులో నచ్చింది సాహసం కాదు, పని పంపకం. అతను తుపాకీతో వేటాడి తిండి తెస్తాడు. ఆమె వండుతుంది, దారిలో జబ్బు పడినవాళ్లకి మందులిస్తుంది. అతనికి తొందరెక్కువ, ఆమెకి నిదానం ఎక్కువ. గొడవలు రాకుండా ఉండవు. కానీ ఎవరు ఎంత మోయగలరో ఇద్దరికీ తెలుసు, ఒకరి దగ్గర ఒకరు దాచింది లేదు. ఏడు నెలలు నడిచింది అందుకే అని నాకనిపించింది.

1937లో ఆమె ఇంకో పని చేసింది. ఇండియా నుంచి ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, టర్కీ మీదుగా బస్సుల్లో, లారీల్లో ప్రయాణించి వెనక్కి వెళ్లింది. ఇది చిన్న సంగతి అనుకోకండి. రెండేళ్ల తర్వాత కారులో ఎదురు దిశలో వచ్చినప్పుడు ఆ దేశాలు ఆమెకి కొత్త కాదు. ఎక్కడ రోడ్డుంది, ఎక్కడ లేదు, ఎక్కడ ఎవరు ఆపుతారు, ఆడమనిషి ఎక్కడ ఎలా మసలాలి అన్నీ ఒకసారి ఒంటితో చూసి ఉంది. మన భాషలో చెప్పాలంటే అది ట్రయల్ రన్.

ఇక 1939. ఆ ఏడాది జూన్‌లో జెనీవా నుంచి ఒక ఫోర్డ్ కారు బయల్దేరింది. లోపల ఇద్దరు. ఎల్లాకి ముప్పై ఆరేళ్లు. పక్కన అనెమరీ ష్వార్జెన్‌బాఖ్, ముప్పై ఒకటి. జ్యూరిక్‌లో పట్టు మిల్లుల కుటుంబం, చరిత్రలో డాక్టరేట్, రచయిత్రి, ఫోటోగ్రాఫర్. కారు ఆమెదే. ఇరాన్‌లో అంతకుముందే ఉండి వచ్చిన మనిషి. పేపర్ మీద చూస్తే ఇంతకంటే మంచి జోడీ దొరకదు.

కానీ అనెమరీ మార్ఫిన్‌కి అలవాటు పడి ఉంది. అప్పుడే ఆసుపత్రిలో ఉండి బయటికొచ్చింది. దూరం వెళ్తే, యూరప్ వదిలేస్తే, రోజంతా రోడ్డు పని ఉంటే ఆమె బాగుపడుతుందని ఎల్లా నమ్మింది. మందు జోలికి పోననే మాట మీద ప్రయాణం మొదలైంది.

ఇటలీ, యుగోస్లావియా, బల్గేరియా, ఇస్తాంబుల్. అక్కడి నుంచి నల్ల సముద్రం మీద ఓడలో ట్రాబ్‌జోన్. మళ్లీ కారు. తబ్రీజ్, టెహరాన్, మషద్. ఇరాన్‌లో రెజా షా 1936లో ఆడవాళ్ల పరదాని చట్టం పెట్టి తీయించాడు. బార్డర్ దాటి ఆఫ్ఘనిస్తాన్‌లోకి రాగానే రోడ్డు మీద ఆడమనిషి ముఖమే కనిపించదు. పక్కపక్క దేశాలు, పూర్తిగా ఎదురు రూల్స్. మనం షీట్‌లో విదేశం అని ఒక్క మాట రాసుకుంటాం. నిజానికి ప్రతి బార్డర్ దగ్గరా కొత్త షీట్ రాయాలి. హెరాత్ నుంచి ఉత్తరపు దారిలో మజార్-ఎ-షరీఫ్, బామియాన్ చూసుకుని కాబూల్ చేరారు. బామియాన్‌లో వాళ్లు చూసిన బుద్ధ విగ్రహాలని 2001లో పేల్చేశారు.

ఇంత దూరంలో వాళ్లకి దుమ్ము, ఎండ, గతుకులు, కాగితాల తిప్పలు అన్నీ ఎదురయ్యాయి. మా అమ్మ భయపడే అపరిచితులు కూడా ఎదురయ్యారు, చాలాసార్లు అన్నం పెట్టారు. ప్రయాణాన్ని కూల్చింది వాళ్లెవరూ కాదు. అనెమరీ దారిలోనే ఒకసారి మళ్లీ మార్ఫిన్ తీసుకుంది. కాబూల్‌లో ఇంకోసారి. ఎల్లా కోప్పడింది, కాపలా కాసింది, బతిమాలింది. ఏదీ పని చెయ్యలేదు. అదే సమయానికి యూరప్‌లో యుద్ధం మొదలైంది. ఇద్దరూ విడిపోయారు. అనెమరీ కొన్నాళ్లకి వెనక్కి వెళ్లిపోయింది. 1942లో తన దేశంలో, తనకి బాగా తెలిసిన ఊళ్లో సైకిల్ మీద నుంచి పడి, ఆ దెబ్బతో నవంబర్ 15న చనిపోయింది. ముప్పై నాలుగేళ్లు. హిందూకుష్ కొండల్లో కారు నడిపిన మనిషి!

ఎల్లా ఇండియాకి వచ్చింది. యుద్ధకాలం ఎక్కువగా తిరువణ్ణామలైలో రమణ మహర్షి ఆశ్రమం దగ్గర గడిపింది. 1945లో వెళ్లిపోయింది. మన చలం అక్కడికి చేరింది 1950లో కాబట్టి ఇద్దరూ ఐదేళ్ల తేడాలో తప్పిపోయారు. ఆ రోజుల్లో తనతో తిరిగిన ఒక పిల్లి మీద కూడా ఆమె పుస్తకం రాసింది, టి-పుస్ అని. అన్ని దేశాలు తిరిగిన మనిషి చివరికి ఒక్కచోట కూర్చుని తన లోపలికి చూసుకోవాల్సి వచ్చింది. నా ఉద్దేశంలో ఆ ఫోర్డ్ ప్రయాణంలో తగిలిన దెబ్బకీ దీనికీ సంబంధం ఉంది.

ద క్రూయెల్ వే 1947లో వచ్చింది. అందులో అనెమరీ పేరు మార్చి క్రిస్టీనా అని రాసింది. స్నేహితురాలిని కాపాడలేకపోయానన్న సంగతి దాచలేదు. సాహసయాత్ర పుస్తకాల్లో ఓడిపోయామని రాసేవాళ్లు తక్కువ. అందుకే నాకు ఆమె మీద గౌరవం.

తర్వాత కూడా ఆగలేదు. నేపాల్ విదేశీయులకి తలుపులు తీసిన కొత్తలో, 1951లో అక్కడికి వెళ్లింది. స్విట్జర్లాండ్ కొండల్లో షాండొలాన్ అనే పల్లెలో ఇల్లు కట్టుకుంది. 1957 నుంచి ముప్పై ఏళ్లు చిన్న చిన్న గ్రూపులని ఆసియా దేశాలు చూపించడానికి తీసుకెళ్లింది. ఒంటరిగా మొదలైన మనిషి పది మందిని వెంటేసుకుని తిరిగి తీసుకొచ్చే స్థాయికి వచ్చింది. 1997 మార్చి 27న ఆ పల్లెలోనే, తొంభై నాలుగేళ్ల వయసులో చనిపోయింది.

పుస్తకం అయిపోయాక మా షీట్ మళ్లీ తెరిచాను. ముప్పై ఏడు వరుసలూ బయటివాళ్ల గురించే. మా నలుగురి గురించి ఒక్క వరుస లేదు.

మా రూమ్మేట్ మూడు నెలలుగా సరిగ్గా నిద్రపోవడం లేదు. రాత్రి రెండింటికి లేచి కారిడార్‌లో నడుస్తుంది. ఒకసారి శామీర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ దిగుతూ డివైడర్‌కి జానెడు దూరంలో బ్రేక్ వేసింది. అందరం నవ్వేశాం. నేను కూడా నవ్వాను. కారు ఆమెది, డ్రైవింగ్ వచ్చింది ఆమె ఒక్కదానికే. అడిగితే ట్రిప్ పోతుందని నాకు లోపల తెలుసు. అందుకే అడగలేదు. ఊరు దాటితే తనే సెట్ అయిపోతుందిలే అనుకున్నాను. ఎల్లా కూడా సరిగ్గా అదే అనుకుంది.

మొన్న ఆదివారం ఇద్దరం శామీర్‌పేట చెరువు గట్టు మీద కూర్చున్నప్పుడు అడిగాను. ట్రిప్ గురించి కాదు, నిద్ర గురించి. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను, అది తన విషయం. ఇప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తోంది. ఈ వ్యాసం ముందు తనకే చూపించాను, వేసుకోమంది.

ఖాట్మండు క్యాన్సిల్ కాలేదు, వాయిదా పడింది. నేను, ఇంకో అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకుంటున్నాం. లైసెన్సులు వచ్చాక ముందు నిర్మల్ దాకా వెళ్లి వెనక్కి రావాలని ప్లాన్. అదే 44వ నంబర్ రోడ్డు. నలుగురిలో ఎవరు ఆపమన్నా, కారణం అడక్కుండా బండి ఆపాలన్నది రూల్.

షీట్‌లో ఇప్పుడు ముప్పై ఎనిమిది వరుసలు. కొత్తది అన్నిటికంటే పైన పెట్టాను. రోజూ పొద్దున బండి స్టార్ట్ చేసే ముందు, నిన్న రాత్రి ఎవరెవరు ఎంతసేపు పడుకున్నారో నిజం చెప్పాలి. నాన్న ఆ వరుస చదివి, తల ఊపి, అమ్మకి ఇచ్చాడు. అమ్మ ఇంకా చదువుతోంది.