పూసలతో లెక్కలు నేర్పిన మాంటిస్సోరి

లెక్కలనగానే బెదరు పిల్లలు ప్రతి తరగతిలోను నలుగురైన నుందురు. మందమతులని వారిని వెనుక బల్లకు త్రోయుట సులభము. అట్లు త్రోసివేయబడిన వారియొద్దనే తన కృషి నారంభించిన వైద్యురాలు మరియా మాంటిస్సోరి.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లెలో జన్మించెను. 1896లో రోములో వైద్యపట్టము పొందెను. అచ్చటి మానసిక చికిత్సాలయమున, బుద్ధి వికసింపలేదని ఉన్మత్తులతోపాటు ఉంచబడిన పిల్లలను చూచి, వీరికి కావలసినది మందుకంటె బోధనయే యని తలచెను. ఇటార్, సెగాన్ అను ఫ్రెంచి వైద్యుల గ్రంథములు చదివి, చేతికి పని కల్పించు ఉపకరణములతో వారికి నేర్పెను. కొందరు సాధారణ బాలురతోపాటు చదువు వ్రాతలలో పరీక్షకు కూర్చుండి నెగ్గిరి. లోకము మెచ్చెను. ఆరోగ్యవంతులైన బాలురు బడులలో ఇంతకంటె ముందుకు ఏల పోకున్నారను సందేహము మాత్రము ఆమెను వదలలేదు.

1907 జనవరి 6న రోములోని సాన్ లొరెంజో పేదవాడలో శిశుగృహము తెరచెను. క్రమముగా గణితోపకరణములు సిద్ధమయ్యెను. ఎఱుపు, నీలి పట్టెలు గల పది కఱ్ఱలలో చిన్నది పది సెంటీమీటర్లు, పెద్దది మీటరు. తొమ్మిదింటి కఱ్ఱకు ఒకటి, ఎనిమిదింటికి రెండు చేర్చినచో పదింటితో సమమగును. కూడిక కంటికి కనబడును. మరియొక పెట్టెలో సున్న మొదలు తొమ్మిది వరకు అరలు, 45 కదుళ్లు ఉండును. సున్న అరలో ఏమియు వేయరాదు. ఎచ్చటనైన లెక్క తప్పినచో చివరి అరకు కదుళ్లు చాలవు, లేదా మిగులును. తప్పును చూపునది పెట్టెయే. ఉపాధ్యాయుడు బెత్తము ఎత్తనక్కరలేదు. ఆమె సాధనములలో మాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

ఇక పూసలు. విడి పూస ఒకటి. తీగకు గ్రుచ్చిన పది పూసల కడ్డీ పది. పది కడ్డీల పలక నూరు. పది పలకల ఘనము వేయి. వేయి యెంత బరువో పిల్లవాడు చేతులతో ఎత్తి తెలిసికొనును. కూడికలో విడి పూసలు పదియైనచో వానినిచ్చి కడ్డీ తెచ్చుకొనవలెను. ఎడమ స్థానమునకు ఒకటి ఏల పోవునో అప్పుడు వేరుగా చెప్పనక్కరలేదు.

1934లో ఆమె అంకగణిత బోధనా గ్రంథము బార్సిలోనాలో వెలువడెను. 1939లో దివ్యజ్ఞాన సమాజము ఆహ్వానముపై మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుచుండగా, 1940లో ఇటలీ యుద్ధమున దిగెను. ఆమె కుమారుడు మారియోను ప్రభుత్వము నిర్బంధించి, ఆ యేడే విడిచిపెట్టెను. కొంతకాలము కొడైకెనాలులో ఉండి, యుద్ధానంతరము 1946లో ఐరోపాకు వెళ్లెను. 1952 మే 6న నెదర్లాండ్సులోని నోర్డ్‌వైక్‌లో, ఎనుబదియొకటవ యేట మరణించెను. ఆమె సమాధి అచ్చటనే కలదు.