దీపం పట్టిన చేతిలోనే లెక్కల పుస్తకం
ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితం

నైటింగేల్ అనగానే రాత్రిపూట చేతిలో దీపంతో రోగుల మధ్య తిరిగే తల్లి బొమ్మ మనకు గుర్తుకొస్తుంది. అది నిజమే. కానీ ఆమె దీపంతో కంటే లెక్కలతోనే ఎక్కువ ప్రాణాలు కాపాడింది. ఆ సంగతి చాలామందికి తెలీదు.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది. ఊరి పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో బాగా డబ్బున్నవాళ్ళు. చిన్నప్పటినుంచీ ఆమెకు లెక్కలంటే ప్రాణం. నర్సు అవుతానంటే ఇంట్లో ససేమిరా అన్నారు. ఆ రోజుల్లో ఆ పనికి గౌరవం లేదు. అయినా ఆమె పట్టు వదలకుండా 1851లో జర్మనీ వెళ్ళి పని నేర్చుకుంది.

1854లో రష్యాతో క్రిమియా యుద్ధం జరుగుతోంది. ఇంగ్లీషు సైనికులను టర్కీలోని స్కుటారి ఆస్పత్రికి చేర్చేవారు. నవంబరులో ఆమె 38 మంది నర్సులతో అక్కడికి వెళ్ళింది. ఆస్పత్రి కింద మురికి కాలువలు పూడిపోయి ఉన్నాయి. గాలి ఆడదు, మంచాలు చాలవు, ఎక్కడ చూసినా ఎలుకలు, పేలు. చనిపోయినవాళ్ళ లెక్క ఒక పుస్తకంలో ఒకలా, ఇంకో పుస్తకంలో ఇంకోలా ఉంది.

ఆమె వంట, బట్టల ఉతుకు, పడకలు అన్నీ చక్కబెట్టింది. అయినా చావులు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో వైద్యం పొందినవాళ్ళలో నూటికి 42 మంది చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన బృందం వచ్చి కాలువలు బాగుచేయించి, గోడలకు సున్నం కొట్టించి, గాలి ఆడేలా చేసింది. జూన్ నాటికి చావులు నూటికి 2కు తగ్గాయి!

1856లో ఇంటికి తిరిగొచ్చాక ఆమె ఊరికే కూర్చోలేదు. విలియం ఫార్ అనే లెక్కల నిపుణుడితో కలిసి, ఏ నెలలో ఎంతమంది పోయారు, ఏ కారణంతో పోయారు అని విడదీసి చూసింది. తేలిందేమంటే, గాయాలతో చచ్చినవాళ్ళు తక్కువ. కలరా, జిగట విరేచనాలు, విషజ్వరాలతో పోయినవాళ్ళే చాలా ఎక్కువ. అంటే శత్రువు తుపాకీ కంటే మురుగే ఎక్కువమందిని చంపింది.

పట్టికలు చూపిస్తే మంత్రులు చదవరని ఆమెకు తెలుసు. అందుకని 1858లో నెలకో ముక్క చొప్పున గుండ్రటి బొమ్మ గీసి రంగులు వేసింది. నివారించగల రోగాలకు నీలం, గాయాలకు ఎరుపు, మిగతావాటికి నలుపు. నీలం ఎంత పెద్దదో ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. లండన్‌లోని గణాంక సంఘంలో సభ్యురాలైన మొదటి స్త్రీ ఆమే.

ఆస్పత్రులన్నీ ఒకే రకం ఫారాలు వాడాలని 1860లో ఆమె కోరింది. ఎంతమంది చేరారు, ఎంతమందికి నయమైంది, ఎంతమంది పోయారు, ఎన్ని రోజులున్నారు అన్నవి అందులో రాయాలి. అప్పుడే ఒక ఆస్పత్రిని ఇంకోదానితో పోల్చి, లోపం ఎక్కడుందో పట్టుకోవచ్చు. అదే ఏడాది లండన్‌లో నర్సుల బడి పెట్టింది.

ఆమె మన దేశానికి ఎప్పుడూ రాలేదు. జబ్బుతో మంచం మీదే ఉండి, ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నల కాగితాలు పంపించి జవాబులు తెప్పించుకుంది. ఇక్కడ ఏటా వెయ్యిమంది ఇంగ్లీషు సైనికుల్లో 69 మంది చనిపోతున్నారని 1863 నివేదిక చెప్పింది. నీళ్ళు, మురుగు కాలువలు బాగుచేశాక పదేళ్ళలో అది 18కి దిగింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన మన కాటన్ దొరకు ఉత్తరాలు రాసి, కరువు పోవాలంటే కాలువలు తవ్వాలని గట్టిగా వాదించింది. 1910 ఆగస్టు 13న ఆమె కన్నుమూసింది. ఆమె పుట్టినరోజే ప్రపంచ నర్సుల దినం.

మిత్రులారా! ఒక్కడికి జ్వరమొస్తే వాడి ఖర్మ అనుకుంటాం. ఒకే గదిలో ఐదుగురికి వస్తే అది ఖర్మ కాదు. నీళ్ళ తొట్టో, దోమలో, కాలువో కారణం అయ్యుంటుంది. కానీ రాసిపెట్టుకోకపోతే ఐదుగురని ఎవరికి తెలుస్తుంది? పేరు, తారీఖు, గది నంబరు, ఎన్ని రోజులు అని నాలుగు గళ్ళు గీసిన పుస్తకం ఒకటి చాలు. వార్డెన్ గారు ఒప్పుకుంటే, గదికొకరు చొప్పున రాసే పని మనమే చేద్దాం.