పీతకు ఎముకలు ఎక్కడ? పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పిన థామస్ హక్స్‌లీ



మీ అబ్బాయో అమ్మాయో బతికున్న పీతను మొదటిసారి చూసినప్పుడు ఏం అడిగారో గుర్తుందా? మీరు తెలంగాణ, రాయలసీమ వైపు వారైతే దాన్నే ఎండ్రకాయ అని ఉంటారు. పేరు ఏదైనా పిల్లల ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. ఇది అడ్డంగా ఎందుకు నడుస్తుంది? దీనికి ఎముకలు ఎక్కడున్నాయి? తోక ఏది? కాలు విరిగితే మళ్లీ వస్తుందా? ఒక్క నిమిషంలో నాలుగు ప్రశ్నలు. ఆఫీసు, వంట, హోంవర్క్ మధ్య మన దగ్గర ఉండే జవాబు చాలాసార్లు ఒకటే: అది తర్వాత చూద్దాం, ముందు టేబుల్స్ చదువు.

మీలో ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. సిలబస్ పూర్తి చేసే హడావిడిలో క్లాసులో మేమూ ఇదే చెబుతుంటాం. కానీ ఇలాంటి ప్రశ్నలను తన జీవితమంతా సీరియస్‌గా తీసుకున్న ఒక పెద్ద శాస్త్రవేత్త ఉన్నారు. ఈ నెల ఆయన గురించి చెప్పుకుందాం.

బడికి వెళ్లింది రెండేళ్లే

థామస్ హెన్రీ హక్స్‌లీ 1825 మే 4న లండన్ దగ్గరి ఈలింగ్‌లో పుట్టారు. తండ్రి అక్కడి స్కూల్లో లెక్కల టీచర్. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. టీచర్ కొడుకై ఉండి కూడా ఆయన బడికి వెళ్లింది సుమారు రెండేళ్లే. ఆ రెండేళ్ల గురించి కూడా పెద్దయ్యాక ఆయన ఏమీ మంచిగా చెప్పుకోలేదు.

బడి ఆగిపోయింది కానీ చదువు ఆగలేదు. చేతికి దొరికిన పుస్తకమల్లా చదివారు. జర్మన్ భాషను సొంతంగా నేర్చుకున్నారు. చిన్నప్పుడు ఆయన కోరిక మెకానికల్ ఇంజనీర్ కావాలని. పరిస్థితులు మెడిసిన్ వైపు నడిపించాయి. అయినా ఆ ఇంజనీర్ చూపు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఏ ప్రాణిని చూసినా, ఈ యంత్రం ఎలా పనిచేస్తోంది, ఈ భాగం ఎందుకు ఇక్కడ ఉంది అనే ఆలోచించేవారు. ఒక్కసారి గమనించండి, పీతను చూసి మన పిల్లలు అడిగేది కూడా సరిగ్గా ఇదే.

1842లో లండన్‌లోని చేరింగ్ క్రాస్ హాస్పిటల్‌లో ఉచిత సీటు వచ్చింది. 1845లో, ఇంకా ఇరవై ఏళ్ల కుర్రవాడిగా ఉండగానే, వెంట్రుక కుదురు చుట్టూ ఉండే తొడుగులో అంతకుముందు ఎవరూ గుర్తించని ఒక పొరను కనిపెట్టారు. మెడికల్ పుస్తకాల్లో ఈనాటికీ దాన్ని హక్స్‌లీ పొర అనే అంటారు. విచిత్రం ఏమిటంటే, మొదటి పరీక్షలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న ఆయన రెండో భాగం పరీక్ష రాయలేదు. యూనివర్సిటీ డిగ్రీ పూర్తి కానే లేదు. స్కూల్ వాళ్లు పంపే పత్రికలో ఈ విషయం ఉండటం మీకు నవ్వు తెప్పించవచ్చు! డిగ్రీ అక్కర్లేదని నేను చెప్పడం లేదు. ఆయన్ని ముందుకు నడిపింది అడగడం ఆపని మనసు అని మాత్రమే చెబుతున్నాను.

ఓడ మీద నాలుగేళ్లు

అప్పులు తీరాలి, ఉద్యోగం కావాలి. అందుకే నేవీలో చేరారు. 1846 డిసెంబర్‌లో రాటిల్‌స్నేక్ అనే ఓడలో అసిస్టెంట్ సర్జన్‌గా ఆస్ట్రేలియా వైపు బయల్దేరారు. పని గంటలు పోగా మిగిలిన టైమంతా సముద్రంలోంచి తీసిన జెల్లీఫిష్‌ల మీదే. చేతిలోకి తీసుకుంటే జారిపోయే ఆ ప్రాణి శరీరం ముఖ్యంగా రెండు పొరలతో కట్టినదని చూపించారు. రాసిన వ్యాసాలను లండన్‌కు పంపేవారు. వాటిని ఎవరైనా చదివారో లేదో కూడా తెలియకుండానే ఏళ్లు గడిచాయి. 1850లో తిరిగి వచ్చేసరికి ఆయన పేరు శాస్త్రవేత్తలకు తెలిసిపోయింది. మరుసటి ఏడాదే, 26 ఏళ్ల వయసులో, రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

గౌరవం వచ్చింది కానీ జీతం రాలేదు. 1854లో లండన్‌లోని స్కూల్ ఆఫ్ మైన్స్‌లో లెక్చరర్ ఉద్యోగం దొరికాకే కాస్త నిలదొక్కుకున్నారు. సిడ్నీలో పరిచయమైన హెన్రియెట్టాను పెళ్లి చేసుకోవడానికి 1855 దాకా ఆగాల్సి వచ్చింది.

ఒక్క లాబ్‌స్టర్‌తో పాఠం

సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చారు. విషయం జంతుశాస్త్రం ఎలా చదవాలి అని. పెద్ద పెద్ద నిర్వచనాలతో మొదలుపెట్టలేదు. భోజనాల బల్ల మీద అందరూ చూసే లాబ్‌స్టర్‌ను తీసుకున్నారు. ఇది పీతకు దగ్గరి చుట్టమే. దాని తోకలో ఒక ముక్క విడదీసి చూడండి. పైన గట్టి వలయం, కింద రెండు చిన్న కాళ్ల లాంటివి. పక్క ముక్క కూడా అలాగే. ముందుకు వెళ్తే అవే నడిచే కాళ్లుగా, ఇంకా ముందుకు వెళ్తే నమిలే దవడలుగా మారతాయి. ఒకే నమూనా, పనిని బట్టి రకరకాల రూపాలు. ఒక్క ప్రాణిని శ్రద్ధగా చూస్తే మొత్తం జంతుశాస్త్రానికి తలుపు తెరుచుకుంటుందని ఆయన చూపించారు.

ఈ పద్ధతిలో మన పీతను చూద్దాం. ఈసారి మీ పాప అడిగితే మీ దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి.

ఎముకలు ఎక్కడ? లోపల లేవు. పైన ఉన్న డిప్పే దాని అస్థిపంజరం. మనకు ఎముకల మీద కండ ఉంటుంది, పీతకు డిప్ప లోపల కండ ఉంటుంది.

మరి పెరిగేది ఎలా? డిప్ప సాగదు. యూనిఫాం బిగుతైతే మనం కొత్తది కొన్నట్టు, పీత పాత డిప్పను విడిచేస్తుంది, పాము కుబుసం విడిచినట్టు. అప్పటికే కింద మెత్తని కొత్త డిప్ప తయారై ఉంటుంది. పీత నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆ సైజులోనే కొత్త డిప్ప గట్టిపడుతుంది. అది గట్టిపడేదాకా శత్రువుల కంటపడకుండా దాక్కుంటుంది.

అడ్డంగా ఎందుకు నడుస్తుంది? మన మోకాలు ముందుకీ వెనక్కీ మాత్రమే వంగినట్టు, పీత కాలి కీళ్లు ముఖ్యంగా పక్కలకే వంగుతాయి. శరీరం వెడల్పు, కాళ్లు రెండు పక్కలా. అందుకే దానికి అడ్డదారే తిన్నని దారి. అన్ని పీతలూ ఇలాగే నడవవు, నేరుగా నడిచేవీ ఉన్నాయి.

తోక ఏది? పీతను వెల్లకిలా తిప్పితే పొట్ట మీద మడిచి అతికించినట్టు ఒక పలక కనబడుతుంది. లాబ్‌స్టర్ చాచి ఉంచేదాన్నే పీత మడిచి పెట్టుకుంది. అది సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. ఆడపీత గుడ్లను ఆ పలక కిందే మోస్తుంది. చేపల మార్కెట్‌లో అమ్మేవాళ్లు ఒక్క చూపులో ఆడా మగా చెప్పేది దీన్ని చూసే.

కాలు పోతే? శత్రువు పట్టుకుంటే పీత తానే ఆ కాలిని వదిలేసి పారిపోగలదు. కాలి మొదట్లో అందుకోసమే విరిగే చోటు ఒకటి ఉంటుంది. తర్వాత డిప్ప విడిచినప్పుడు అక్కడ చిన్న కాలు వస్తుంది, మళ్లీ మళ్లీ విడిచేకొద్దీ అది పెద్దదవుతుంది.

పళ్లు ఉన్నాయా? ఉన్నాయి, పొట్టలో! నోటి దగ్గర ముక్కలు చేసిన ఆహారాన్ని పొట్ట లోపలి గట్టి పళ్లు రోలులో వేసి నూరినట్టు నూరతాయి.

ఉడికిస్తే ఎర్రగా ఎందుకు మారుతుంది? ఆ ఎరుపు రంగు పదార్థం ముందే డిప్పలో ఉంటుంది, కానీ ఒక ప్రొటీన్‌తో అతుక్కుని ఉండటం వల్ల కనబడదు. వేడికి ఆ ప్రొటీన్ చెడి ఎరుపు బయటపడుతుంది.

ఇంట్లో మాంసాహారం లేకపోతే ఇబ్బందేమీ లేదు. బీచ్‌లో ఇసుక పీతను చూపించండి. అదీ కుదరకపోతే గోడ మీద చీమ చాలు. దానికీ అస్థిపంజరం బయటే.

జవాబు లేని రోజు

హక్స్‌లీ జీవితంలో 1860 మరచిపోలేని ఏడాది.  జూన్ చివర ఆక్స్‌ఫర్డ్‌లో డార్విన్ సిద్ధాంతం తరఫున బిషప్ విల్బర్‌ఫోర్స్‌తో పేరుమోసిన వాదన. సెప్టెంబర్‌లో పెద్ద కొడుకు నోయెల్ స్కార్లెట్ ఫీవర్‌తో చనిపోయాడు. వాడికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. సరిగ్గా ప్రశ్నలు అడిగే వయసు.

ఓదారుస్తూ రాసిన వారిలో చార్లెస్ కింగ్‌స్లీ అనే మతగురువు, రచయిత ఉన్నారు. హక్స్‌లీ ఆయనకు పెద్ద ఉత్తరం రాశారు. అంత దుఃఖంలోనూ, ఊరట కోసం తనకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పుకోలేనని అందులో నిజాయితీగా వివరించారు. వాస్తవం ముందు మనిషి చిన్న పిల్లవాడిలా కూర్చోవాలని, అది ఎటు తీసుకెళ్తే అటు వెళ్లాలని ఆయన నమ్మకం. తెలియదు అనే మాటకు ఆయన ఎంత విలువ ఇచ్చారంటే, 1869లో దాని కోసం అగ్నాస్టిక్ అనే కొత్త ఇంగ్లిష్ పదాన్నే తయారుచేశారు.

ఆ ఇంట్లో తర్వాత మరికొందరు పిల్లలు పెరిగారు. నోయెల్ లేని లోటు మాత్రం ఆ తల్లిదండ్రులకు తీరలేదు.

టీచర్లకే టీచర్

రెండేళ్లే చదివిన ఆ అబ్బాయి 1870లో లండన్ మొదటి స్కూల్ బోర్డుకు ఎన్నికయ్యారు. పేద పిల్లల బడుల్లో కూడా సైన్స్, డ్రాయింగ్, సంగీతం, వ్యాయామం ఉండాలని పట్టుబట్టారు. 1871 వేసవిలో స్కూల్ టీచర్లకు స్వయంగా కోర్సు నడిపారు. పొద్దున ఉపన్యాసం, తర్వాత ఆ ప్రాణిని చేత్తో పట్టుకుని, కోసి, మైక్రోస్కోప్‌లో చూడటం. పుస్తకంలో చదివింది చెప్పడం కాదు, చూసింది చెప్పడం. బీఈడీలో మాకు నేర్పిన ప్రాక్టికల్ పద్ధతికి మూలాలు ఇలాంటి చోటే ఉన్నాయి. టైమ్ మెషీన్ నవల రాసిన హెచ్.జి.వెల్స్ కూడా ఆయన దగ్గర ఏడాది చదువుకున్నారు.

1880లో హక్స్‌లీ క్రేఫిష్ అనే పుస్తకం రాశారు. క్రేఫిష్ అంటే వాగుల్లో ఉండే చిన్న లాబ్‌స్టర్ లాంటిది. పుస్తకమంతా ఆ ఒక్క ప్రాణి గురించే. 1883లో రాయల్ సొసైటీ ప్రెసిడెంట్ అయ్యారు. సైన్స్‌లో అంతకంటే పెద్ద కుర్చీ ఆ దేశంలో లేదు.

మనవడి ఉత్తరం

చివరిగా, నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. కింగ్‌స్లీ వాటర్ బేబీస్ అనే పిల్లల కథ రాశారు. నీళ్లలో బతికే బుజ్జి పిల్లల కథ. దాని ఒక ముద్రణలో హక్స్‌లీ సీసాలో ఉన్న వాటర్ బేబీని పరిశీలిస్తున్నట్టు బొమ్మ వేశారు. 1892లో ఐదేళ్లు నిండని మనవడు జూలియన్ ఆ బొమ్మ చూసి తాతయ్యకు ఉత్తరం రాశాడు. నిజంగా వాటర్ బేబీని చూశావా, సీసాలో పెట్టావా, నాకూ చూపిస్తావా అని.

అప్పటికి హక్స్‌లీ ప్రపంచానికి తెలిసిన మనిషి, ఒంట్లో బాగుండని మనిషి. అయినా జవాబు రాశారు. అలాంటివేమీ ఉండవని కొట్టిపారేయలేదు, ఉన్నాయని అబద్ధమూ చెప్పలేదు. ఆ బేబీ సంగతి తాను ఎప్పుడూ తేల్చుకోలేకపోయానని సరదాగా ఒప్పుకున్నారు. ఒకే వస్తువులో కొందరికి చాలా కనబడుతుంది, కొందరికి ఏమీ కనబడదని చెప్పారు. నువ్వు పెద్దయ్యాక ఇతరులకు ఏమీ కనబడని చోట వాటర్ బేబీల కంటే గొప్ప అద్భుతాలను చూసేవాడివి కావచ్చని ఆశ పెట్టారు.

హక్స్‌లీ 1895 జూన్ 29న కన్నుమూశారు. జూలియన్ పెద్దయి జీవశాస్త్రవేత్త అయ్యాడు, యునెస్కోకు మొదటి డైరెక్టర్ జనరల్ అయ్యాడు. ఒక్క ఉత్తరం వల్లే ఇదంతా జరిగిందని చెప్పలేం. కానీ ఆ పిల్లవాడి ప్రశ్న ఆ ఇంట్లో నోరు మూయించుకోలేదు, అది మాత్రం నిజం.

తల్లిదండ్రులుగా మీకు ఒక చిన్న విన్నపం. ఈ నెల ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించండి. మీరు వెంటనే జవాబు చెప్పలేని ప్రశ్నలన్నీ పిల్లల చేతే దాని మీద రాయించండి. ఇంకా రాయడం రాని వాళ్లు బొమ్మ వేస్తారు. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు మార్కుల కార్డుతో పాటు ఆ కాగితం కూడా తీసుకురండి. మాకు తెలిసినవి చెబుతాం. తెలియనివి మీ పిల్లలతో కలిసి వెతుకుతాం.