శంషాబాద్‌ను సొంత ఊరు చేసుకున్న వైద్యురాలు కేథరీనా షెల్లెన్‌బర్గ్

శంషాబాద్: ఈ పేరు వినగానే నేడు అందరికీ 2008లో ప్రారంభమైన అంతర్జాతీయ విమానాశ్రయం గుర్తుకొస్తుంది. అయితే నిజాం పాలనా కాలంలో, సముద్రాలు దాటి వచ్చి ఇదే నేలపై రోగుల సేవలో కన్నుమూసిన ఓ వైద్యురాలి చరిత్ర నేటి తరంలో చాలామందికి తెలియదు. ఆమే డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్.

కేథరీనా 1870లో దక్షిణ రష్యాలోని మొలోచ్నా ప్రాంతంలో జన్మించారు. నేడది ఉక్రెయిన్‌లో ఉంది. ఆమె కుటుంబం మెన్నోనైట్ క్రైస్తవ సంప్రదాయానికి చెందినది. పదహారో శతాబ్దంలో ఐరోపాలో పుట్టిన ఈ శాఖ వారు శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు. విశ్వాసాన్ని తెలిసి స్వీకరించిన వారికే ఇస్తారు. ఆయుధం పట్టరాదన్నది వారి నియమం. ఈ నియమాన్ని గౌరవిస్తామన్న హామీతోనే వారి పూర్వీకులు రష్యాకు వలస వెళ్లారు. 1870వ దశకంలో జారు ప్రభుత్వం సైనిక సేవను అందరికీ తప్పనిసరి చేయడానికి పూనుకోవడంతో వేలాది కుటుంబాలు పచ్చని పొలాలను వదిలి ఉత్తర అమెరికాకు తరలిపోయాయి. ఆ వలసలో భాగంగా షెల్లెన్‌బర్గ్ కుటుంబం 1879లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రానికి చేరింది. అప్పటికి కేథరీనాకు ఇంకా తొమ్మిదేళ్లు నిండలేదు. తండ్రి అబ్రహాం షెల్లెన్‌బర్గ్ అక్కడి మెన్నోనైట్ బ్రదరెన్ సంఘంలో పెద్దగా పేరు పొందారు.

అక్కగా, అమ్మగా

కొత్త దేశంలో కుదురుకుంటున్న తరుణంలోనే తల్లి మరణించారు. ఇంటికి పెద్ద కుమార్తె అయిన కేథరీనా కౌమారంలోనే ఇంటి భారాన్ని భుజాన వేసుకున్నారు. తమ్ముళ్లు, చెల్లెళ్ల ఆలనాపాలనలో ఆమె యౌవనం గడిచింది. ఆమె వివాహం చేసుకోలేదు. కన్నబిడ్డలు లేకున్నా మాతృత్వపు బాధ్యత ఏమిటో ఆ వయసులోనే ఎరిగారు. అనంతరం కాన్సస్ సిటీలో వైద్య విద్యను అభ్యసించారు. స్త్రీలు వైద్యులు కావడం అమెరికాలోనూ అరుదైన రోజులవి.

పాలమూరు మీదుగా శంషాబాద్‌కు

మెన్నోనైట్ బ్రదరెన్ సంఘానికి తెలుగునాటతో బంధం అప్పటికే ఏర్పడి ఉంది. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు 1890 నాటికే నల్గొండలో సేవలు ఆరంభించారు. అమెరికా సంఘం 1899లో హైదరాబాద్ సంస్థానానికి తన ప్రతినిధులను పంపింది. 1907లో ఆ సంఘం తరఫున వైద్యురాలిగా కేథరీనా ఇక్కడికి వచ్చారు. నాగర్‌కర్నూల్, హైదరాబాద్‌లోని హ్యూస్‌టౌన్ కేంద్రాల్లో పనిచేసిన పిమ్మట 1928 నుంచి శంషాబాద్ ఆసుపత్రి బాధ్యతలు చేపట్టారు.

నాటి సమాజంలో పరదా కట్టుబాట్లు బలంగా ఉండేవి. పురుష వైద్యుని ముందుకు రావడానికి వెనుకాడి ప్రాణాలు పోగొట్టుకున్న స్త్రీలెందరో. ప్రసవ వేళ మంత్రసాని తప్ప మరో దిక్కు లేని పల్లెలకు మహిళా వైద్యురాలి రాక కొండంత ధైర్యమిచ్చింది. యాంటీబయాటిక్ మందులు ఇంకా అందుబాటులోకి రాని ఆ రోజుల్లో కలరా, మశూచి, మలేరియా వంటి వ్యాధులతో పోరాటం వైద్యులకూ ప్రాణాంతకమే.

ఆయుధం పట్టనన్న వారి విశ్వాసానికి రెండో ముఖం ఒకటుంది. చంపడానికి నిరాకరించిన చేతులు ఊరకే ఉండరాదు, బతికించడానికి ముందుకు రావాలి. ఆ విశ్వాసాన్ని కేథరీనా తన వృత్తిలో ఆచరించి చూపారు. లోకమంతా రెండో ప్రపంచ యుద్ధంలో మునిగి ఉండగా, తాను పుట్టిన మొలోచ్నా సైతం ఆ మంటల్లో చిక్కుకోగా, ఆమె శంషాబాద్‌లో రోగుల మధ్యనే మిగిలారు.

1945 జనవరి 1న, డెబ్బై నాలుగేళ్ల వయసులో శంషాబాద్‌లోనే తుదిశ్వాస విడిచారు. అనంతర కాలంలో సంఘం వైద్య సేవలకు జడ్చర్ల ప్రధాన కేంద్రమైంది. బాల్యంలోనే జన్మభూమికి దూరమై, అమెరికాలో పెరిగిన ఆ వలస బాలికకు చివరకు సొంత ఊరైంది మన శంషాబాదే. నిత్యం వేలాది మంది వచ్చిపోయే ఈ ఊరిలో, వచ్చి ఇక్కడే నిలిచిపోయిన ఆ వైద్యురాలిని స్మరించుకోవడం మన కనీస ధర్మం.