స్వాంటె అర్హీనియస్

స్వాంటె ఆగస్ట్ అర్హీనియస్ (1859 ఫిబ్రవరి 19 - 1927 అక్టోబరు 2) స్వీడన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ శాస్త్రవేత్త, భౌతిక రసాయన శాస్త్ర స్థాపకులలో ఒకడు. లవణాలు నీటిలో కరిగినప్పుడు విద్యుదావేశం గల అయానులుగా విడిపోతాయని నిరూపించినందుకు 1903లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. స్వీడన్ దేశస్థులలో నోబెల్ బహుమతి అందుకున్న మొదటివాడు ఈయనే.

బాల్యము, విద్యాభ్యాసము

ఈయన ఉప్సాలా నగర సమీపంలోని విక్ అనే చోట జన్మించాడు. తండ్రి భూమి సర్వేయరు. మూడేళ్ళ ప్రాయంలోనే ఎవరూ నేర్పకుండా చదవడం నేర్చుకున్నాడని చెబుతారు. 1876లో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి బోధన తృప్తి కలిగించకపోవడంతో 1881లో స్టాక్‌హోం వెళ్ళి, ఎరిక్ ఎడ్లండ్ అనే ఆచార్యుని వద్ద లవణ ద్రావణాల విద్యుద్వాహకతను కొలవసాగాడు.

సిద్ధాంత వ్యాసము, నిరాదరణ

పొడి ఉప్పు గుండా విద్యుత్తు ప్రవహించదు. శుద్ధజలం గుండా కూడా దాదాపు ప్రవహించదు. రెండింటినీ కలిపితే మాత్రం మంచి వాహకం ఏర్పడుతుంది. విద్యుద్విశ్లేషణకు ఆ పేరును వాడుకలోకి తెచ్చిన మైఖేల్ ఫారడే కాలం నుండి, విద్యుత్తే లవణాన్ని విడగొడుతుందని సాధారణంగా భావించేవారు. అర్హీనియస్ కొలతలు వేరొక దారి చూపాయి. ద్రావణాన్ని పలచన చేసేకొద్దీ, కరిగిన లవణంలో విద్యుత్తును మోయగల భాగం పెరుగుతున్నట్లు ఆయన గ్రహించాడు.

ఈ ఫలితాలతో 1884లో ఉప్సాలాకు సమర్పించిన డాక్టరేటు వ్యాసం పరీక్షకులకు రుచించలేదు. దానికి నాలుగవ శ్రేణి మాత్రమే దక్కింది. ఆ శ్రేణితో విశ్వవిద్యాలయంలో బోధకునిగా స్థానం దొరకడం కష్టం. అంతటితో ఆయన జీవితం మరుగున పడిపోవలసినదే. కానీ వ్యాసం ప్రతులను ఆయన విదేశీ శాస్త్రజ్ఞులకు పంపాడు. రీగాలో ఆచార్యుడైన విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ అది చదివి, స్వయంగా ఉప్సాలాకు వచ్చి తన వద్ద ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆ తరువాతనే ఉప్సాలా కూడా ఈయనకు బోధకుని పదవి ఇచ్చింది.

అయనీకరణ సిద్ధాంతము

1887లో సిద్ధాంతం పూర్తి రూపం దాల్చింది. విలీన ఉప్పు ద్రావణం ఘనీభవన స్థానం అంచనాకు దాదాపు రెండింతలు తగ్గుతుందన్న వాంట్ హాఫ్ పరిశీలనకు ఇందులో సులువైన వివరణ లభించింది. ఉప్పు ఒక్కొక్క ప్రమాణం రెండు అయానులు అవుతున్నది కదా! అయినా ఆక్షేపణలు ఆగలేదు. నీటిని తాకగానే భగ్గుమనే సోడియం, విషవాయువైన క్లోరిన్ ఉప్పునీటిలో విడివిడిగా ఎలా ఉండగలవని రసాయనికులు ప్రశ్నించారు. ఆవేశం గల అయాను ధర్మాలు తటస్థ పరమాణువు ధర్మాలకు పూర్తిగా భిన్నమని అంగీకరించడానికి కొంతకాలం పట్టింది.

పాఠశాలలో చేసే ఉప్పునీటి ప్రయోగం దీనితోనే అర్థమవుతుంది. గాఢ ద్రావణంలో విద్యుత్తును పంపితే క్లోరైడు అయానులు ధనధ్రువం వద్ద క్లోరిన్ వాయువు అవుతాయి. ఋణధ్రువం వద్ద మాత్రం సోడియం వెలువడదు. నీరే సులభంగా విద్యుత్తును గ్రహించి హైడ్రోజన్‌ను ఇస్తుంది. ద్రావణంలో మిగిలేది కాస్టిక్ సోడా. కర్నూలు సమీపంలోని గొందిపర్ల కర్మాగారంలో కాస్టిక్ సోడా తయారయ్యేది ఈ సూత్రం మీదనే. నూలును శుభ్రపరచడానికి, అద్దకానికి దీనిని వాడతారు కనుక ఆదోని, ఎమ్మిగనూరు వంటి పత్తి, నేత కేంద్రాలకు ఇది పరాయి వస్తువు కాదు.

ఉప్పు వంటి బలమైన విద్యుద్విశ్లేష్యాలు నీటిలో పాక్షికంగా కాక దాదాపు పూర్తిగా విడిపోతాయని తరువాత తేలింది. డిబై, హ్యూకెల్ 1923లో సిద్ధాంతాన్ని ఆ మేరకు సవరించారు.

ఇతర కృషి, చివరి దశ

చర్యావేగానికి, ఉష్ణోగ్రతకు గల సంబంధాన్ని తెలిపే సమీకరణాన్ని 1889లో ఇచ్చాడు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పరిమాణం మారితే భూమి ఉష్ణోగ్రత ఎంత మారుతుందో 1896లో లెక్కగట్టాడు. 1895లో స్టాక్‌హోంలో ఆచార్యుడు, 1905లో నోబెల్ భౌతిక రసాయన సంస్థ సంచాలకుడు అయ్యాడు. ఒకప్పుడు నిరాదరణకు గురైన ఈయనే, తన సిద్ధాంతాన్ని విమర్శించిన మెండలీవ్‌కు 1906లో నోబెల్ బహుమతి రాకుండా అడ్డుపడ్డాడని చరిత్రకారులు భావిస్తారు. స్టాక్‌హోంలో మరణించిన అర్హీనియస్ భౌతికకాయాన్ని ఉప్సాలాలో ఖననం చేశారు.